పనాష్‌ని తెలుగులో ఏమనాలి?

క్రికెట్ కామెంటరీలోనూ సినిమా రివ్యూల్లోనూ 'పనాష్' అనే మాట మనం వింటూనే ఉంటాం. ఇది ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. తెలుగులో డాబు, ఆడంబరం అని రాసేస్తే సరిపోతుందనిపిస్తుంది గానీ, నాకైతే అది కుదరలేదు.

ఈ మాట పుట్టింది ఈకలోంచి. లాటిన్‌లో 'పిన్నా' అంటే ఈక. అది ఇటాలియన్ మీదుగా ఫ్రెంచికి వచ్చి 'పనాష్' అయింది. అంటే యోధులు శిరస్త్రాణం మీద పెట్టుకునే ఈకల కుచ్చు. 1590లో ఇవ్రీ యుద్ధంలో నాలుగో హెన్రీ రాజు, తన తెల్ల కుచ్చును చూసుకుంటూ వెంట రమ్మని సైనికులకు చెప్పాడంటారు. మనవాళ్లకి కనిపించే కుచ్చు శత్రువుకీ కనిపిస్తుంది కదా! సోకుతో పాటు తెగింపు కూడా అందులోనే ఉంది.

ఈ మాటకి అసలు పేరు తెచ్చింది ఎడ్మండ్ రోస్టాండ్ నాటకం 'సిరానో ద బెర్జెరాక్'. 1897లో పారిస్‌లో ఆడారు. సిరానోకి కత్తిసాము వచ్చు, కవిత్వం వచ్చు, ముక్కు మాత్రం మరీ పెద్దది. అందుకే రొక్సాన్‌కి తన ప్రేమ చెప్పుకోలేక ఇంకొకడి పేరుతో ఉత్తరాలు రాసిపెడతాడు. చివర్లో తల మీద దుంగ పడి, చావు దగ్గరపడ్డాక కూడా కత్తి దూసి నిలబడతాడు. డబ్బు లేదు, పదవి లేదు, ప్రేమా దక్కలేదు. అయినా తన నుంచి ఎవరూ లాక్కోలేనిది ఒకటుందంటాడు. నాటకంలో ఆఖరి మాట అదే, పనాష్. ఈకల కుచ్చు అనే అర్థంలో ఇంగ్లీషులో అంతకు ముందే ఉన్నా, ఇప్పటి అర్థం బాగా వాడుకలోకి వచ్చింది ఈ నాటకం తర్వాతే.

దీన్ని డాబు అంటే అన్యాయం. డాబు అన్నప్పుడే లోపల ఏమీ లేదన్న ఎత్తిపొడుపు ఉంటుంది. దర్జా అందామా? అరబ్బీలో 'దరజా' అంటే మెట్టు, హోదా. సిరానోకి ఆ హోదాయే లేదు. షోకు బట్టల దగ్గర ఆగిపోతుంది ('షిక్' అనే ఇంకో ఫ్రెంచి మాటకి అది సరిపోతుందేమో). మా అమ్మ తమిళంలో 'గెత్తు' అంటుంది. అందులో తెగింపు ఉంది, కాస్త పొగరు కూడా ఉంది. మామూలు వాడుకకి నా ఓటు 'ఠీవి'కే. నేతచీర కట్టుకుని తలెత్తి నడిచే ముసలావిడని చూసి కూడా ఠీవి అంటాం, ఆ మాటకి డబ్బుతో పనిలేదు. తెగింపు మాత్రం అందులో తక్కువే.

తమాషా ఏంటంటే, ఆ ఈకల కుచ్చు మన భాషలోనూ ఉంది. తలపాగాకి పెట్టుకునే కుచ్చుని తురాయి అంటాం. పేపర్లలో 'కీర్తి కిరీటంలో కలికితురాయి' అని రాస్తారే, ఆ తురాయే. కాకపోతే మనం దాన్ని గెలిచినవాళ్లకే పెడతాం. సిరానో ఓడిపోయి కూడా దాన్ని దించలేదు. అందుకే అతని ఆఖరి మాటని తెలుగు చెయ్యమంటే నేను 'నా తురాయి' అనే రాస్తాను. కాదు, ఠీవి అనే ఉండాలి అనేవాళ్లు కింద ఖాళీ వదిలాను, అక్కడ రాయండి.