మూత మీద కాదు, అంచు పక్కన

వంటింటి పనిముట్ల ప్రశ్నల్లో ఈసారి టిన్ను డబ్బాలవే ఎక్కువ. ముక్కలు ముక్కలుగా చెప్పే కంటే అన్నీ ఒకేచోట పెడితే మేలనిపించింది. కొత్తరకం సేఫ్టీ ఓపెనర్ చేతికొచ్చి, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక అల్మరాలో పడేసినవాళ్లు మొదటి జవాబు తప్పకుండా చదవండి.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా నుంచి వస్తూ సేఫ్టీ క్యాన్ ఓపెనర్ తెచ్చింది. పాతదానిలా అంచుకు తగిలించబోతే పట్టడం లేదు. ఎలాగో పెట్టి రెండు మూడు చుట్లు తిప్పాను. టక్కుమని చప్పుడూ రాలేదు, మూత లోపలికి దిగనూ లేదు. ఇది పాడైపోయిందంటారా?
— ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: పాడవలేదమ్మా. బహుశా మీ డబ్బా అప్పటికే తెగిపోయి ఉంటుంది. మీరు మూత వైపు చూస్తున్నారు, తెగేది అంచు.

ఒక డబ్బా తీసుకుని పైఅంచు మీద గోరు పెట్టి చుట్టూ నడిపించండి. కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. చీర కొంగు అంచు కుట్టేటప్పుడు బట్టను లోపలికి మడిచి మళ్లీ మడుస్తాం కదా, అక్కడ రేకును అలాగే మడుస్తారు. మూత అంచునూ డబ్బా గోడ అంచునూ కలిపి మడత వేసి నొక్కేస్తారు. అడ్డంగా కోసి చూస్తే అయిదు పొరలుంటాయి. మూడు మూతవి, రెండు డబ్బావి. గాలి చొరబడకుండా మడతలో రబ్బరులాంటి పూత ఉంటుంది.

పాత ఓపెనర్ ఈ మడతను వదిలేసి, దాని లోపలి వైపున మూతను పొడిచి కోస్తుంది. అందుకే మొదట టక్కుమంటుంది. చివర్లో మూత జారి చారులోనో పాకంలోనో పడుతుంది, దాని అంచు రంపంలా ఉంటుంది. సేఫ్టీ ఓపెనర్ మూత జోలికి పోదు. పక్కనుంచి మడత మీద, అదీ బయటి పొర ఒక్కదాన్నే కోస్తుంది. కుట్టు విప్పినట్టు మడత వదిలిపోతుంది. మూత తన అంచుతో సహా పైకి లేస్తుంది. దేన్నీ పొడవదు కాబట్టి చప్పుడు ఉండదు. బ్లేడు లోపలి పదార్థాన్ని తాకదు.

ఇక పద్ధతి. డబ్బా పైభాగాన్ని తడిగుడ్డతో తుడవండి, గోదాముల దుమ్మంతా అక్కడే చేరుతుంది. డబ్బాను గట్టు మీద కదలకుండా పెట్టండి. ఓపెనర్‌ను నిలువుగా కాకుండా మూత మీద అడ్డంగా పడుకోబెట్టండి. తిప్పే మర ఆకాశం వైపు చూడాలి. కింద రెండు చక్రాలు కనిపిస్తాయి. పళ్లున్న చిన్నది అంచుకు లోపలి వైపు, నున్నగా పదునుగా ఉన్నది అంచుకు బయట, రెంటి మధ్యా అంచు. పిడులున్న రకమైతే గట్టిగా నొక్కి పట్టుకుని మరను కుడివైపుకు తిప్పండి. మొదట కొంచెం మొండికేస్తుంది, తర్వాత ఒకే బిగువుతో సాగుతుంది.

ఎక్కడ మొదలుపెట్టారో గుర్తుంచుకోవాలి. నేనైతే చుట్టూ అంటించిన కాగితం అతుకు దగ్గర మొదలుపెడతాను. చక్రం మళ్లీ ఆ అతుకును చేరి ఒక వేలి వెడల్పు దాటాక ఆపేయండి. చుట్టు పూర్తయ్యే చోట మర హఠాత్తుగా తేలికవుతుంది, రెండు డబ్బాలు తీసేసరికి మీ చేతికే తెలుస్తుంది. పిడులు వదిలి ఓపెనర్ తీయండి. పిడులు లేని రకమైతే మరను వెనక్కి కాస్త తిప్పితే పట్టు వదులుతుంది.

మూత దానంతటదే లేవదు. లోపలి పూత పట్టి ఉంచుతుంది. చాలా ఓపెనర్ల పక్కన చిన్న పటకారులాంటిది ఉంటుంది. దానితో మూత అంచు పట్టుకుని కొంచెం మెలిపెట్టి పైకి లాగండి. ఒకచోట పట్టేసి ఉంటే ఆ ఒక్కచోటే చక్రం పెట్టి మళ్లీ కొద్దిగా తిప్పండి, చుట్టంతా తిప్పొద్దు. ఎందుకో కింది ప్రశ్నలో చెబుతాను.

ప్రశ్న: మూత తీశాక అంచున వెంట్రుకలాంటి రేకుపోగు కనిపించింది. పాయసంలో పడి ఉంటే పిల్లల గతేం కాను? ఇదేం సేఫ్టీ అండీ?
— కరీంనగర్ పాఠకురాలు

జవాబు: మీ భయం న్యాయమైనదే. ఎన్ని చుట్లు తిప్పారో మీరు రాయలేదు గానీ, ఇలాంటి పోగు చాలాసార్లు రెండో చుట్టులోనే పుడుతుంది. ఒకసారి తెగిన దారిలోనే చక్రం మళ్లీ నడిస్తే చెక్కపేడు లేచినట్టు సన్నటి రేకుపోగు లేస్తుంది. ఒక్క చుట్టు, మొదలుపెట్టిన చోటు కాస్త దాటేదాకా, అంతే. చక్రం మొద్దుబారినా, డబ్బా అంచు సొట్టపడినా ఇలాగే అవుతుంది.

పోగు లేచేది బయటివైపు కాబట్టి, ఓపెనర్ తీసిన తర్వాత, మూత ఎత్తకముందే తడిగుడ్డతో అంచు చుట్టూ ఒకసారి తుడవండి. నేను ప్రతి డబ్బాకూ ఈ పని చేస్తాను. లోపల పడిందని అనుమానం వస్తే మాత్రం వడగట్టి వాడుకుందామనుకోకండి, పారేయండి. అంచు నున్నగా ఉంటుందన్నారు కదా అని దాని మీద వేలు పెట్టి తిప్పనూ వద్దు.

ప్రశ్న: మా ఇంట్లో కత్తి మొన మూత మీద పెట్టి పచ్చడిబండతో కొడతాం. ఏనాటినుంచో అదే అలవాటు. నెలకో డబ్బా తీసేవాళ్లకు ఓపెనర్ కొనాల్సినంత అవసరం ఉందా?
— హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఓ తమ్ముడు

జవాబు: ఉంది తమ్ముడూ. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

నేనూ అలాగే చేసేదాన్ని. ఒక పండగనాడు సేమ్యా పాయసంలోకి కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా తీస్తున్నాను. నాలుగు దెబ్బలు బాగానే పడ్డాయి. అయిదో దెబ్బకు పాలు చిమ్మి కత్తి పిడి జారింది. మొన పక్కకు తిరిగి నా ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. మూడు కుట్లు పడ్డాయి. మచ్చ ఇప్పటికీ ఉంది. మూతి బిగించిన జిడ్డు డబ్బాను ఒక చేత్తో పట్టుకుని, ఆ చేతికి అంగుళం దూరంలో కత్తి మొన పెట్టి కొట్టడమే ఈ పద్ధతి. ఏనాడో ఒకనాడు జారక తప్పదు.

ఒకప్పుడు వేరే దారి లేకే ఇలా చేశారు. టిన్ను డబ్బాకు ఇంగ్లండులో పీటర్ డ్యూరాండ్ పేటెంటు తీసుకున్నది 1810లో. అమెరికాలో ఎజ్రా వార్నర్ ఓపెనర్‌కు పేటెంటు తీసుకున్నది 1858లో. మధ్యలో 48 ఏళ్లు జనం మందపాటి డబ్బాలను ఎక్కువగా ఉలీ సుత్తీ పెట్టి పగలగొట్టుకున్నారు. అంచు చుట్టూ తిరిగే చక్రంతో కోసే ఓపెనర్‌ను 1870లో విలియం లైమన్ తెచ్చాడు. ఆ చక్రం నీకిప్పుడు వీధి చివర పాత్రల కొట్లో దొరుకుతుంది. సేఫ్టీ రకం దొరక్కపోతే మామూలు చక్రం ఓపెనర్ అయినా సరే, కత్తికంటే వెయ్యి రెట్లు నయం.

రేకు ఎప్పుడైనా కోస్తే ధారగా పడే నీళ్లకింద కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకో. రక్తం ఆగకపోయినా, వేలు వంచలేకపోయినా, తిమ్మిరిగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో కూడా డాక్టరుకు చెప్పు.

ప్రశ్న: పురిటికి అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వచ్చాను. ఇక్కడ సెనగలు, కొబ్బరిపాలు, మామిడిగుజ్జు అన్నీ డబ్బాలే. ఈ ఓపెనర్‌తో తీసిన మూత మళ్లీ చక్కగా కూర్చుంటోంది. మిగిలింది అలాగే ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చా?
— గుంటూరు నుంచి వెళ్లిన ఒక అమ్మమ్మ

జవాబు: కూర్చుంటుంది గానీ బిగుసుకోదమ్మా. మడతలో ఉన్న బిగింపు ఒకసారి విడిపోయాక ఆ మూత గిన్నె మీద పెట్టిన పళ్లెంతో సమానం. మిగిలినదాన్ని గాజు సీసాలోకో మూత ఉన్న స్టీలు గిన్నెలోకో మార్చండి. పైనాపిల్, టమాటా లాంటి పులుపు పదార్థాలైతే డబ్బాలో అసలు ఉంచొద్దు. గాలి తగిలాక పులుపు రేకును తింటుంది, మర్నాటికి ఇనుప రుచి వస్తుంది.

సెనగలు, కొబ్బరిపాలు ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. పులుపు పండ్లయితే అయిదు నుంచి ఏడు రోజులు. మామిడిగుజ్జు పెద్ద డబ్బా ఒకపూటలో అవదు, చిన్నచిన్న గిన్నెల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే లస్సీకి ఒక్కోటి తీసుకోవచ్చు. డబ్బా మీద ఎక్కడి గుజ్జో చదివి చూడండి, మన చిత్తూరు వైపు ఫ్యాక్టరీల నుంచి గుజ్జు విదేశాలకు చాలానే వెళుతుంది.

ప్రశ్న: నాకు కీళ్లవాతం. పైగా ఎడమచేతి వాటం. మర తిప్పుతుంటే మణికట్టు లాగేస్తోంది.
— రిటైర్డ్ టీచర్, ఖమ్మం

జవాబు: టీచర్ గారూ, ఈ ఓపెనర్లు ఎక్కువగా కుడిచేత్తో తిప్పేవాళ్లకోసం చేసినవే. మీరు పిడులు లేకుండా, తిప్పడం మొదలుపెట్టగానే తనంత తానే పట్టుకునే రకం చూడండి, నొక్కి పట్టే బాధ తప్పుతుంది. మర బొటనవేలంత కాకుండా అరచేతిలో పట్టేంత పెద్దదిగా ఉండాలి. కింద తడిగుడ్డ పరిస్తే డబ్బా జారదు. గట్టు ఎత్తయితే డబ్బాను బల్ల మీద పెట్టుకుని కూర్చుని తిప్పండి. చక్రాల మధ్య నెలకోసారి ఒక చుక్క వంటనూనె వేస్తే తిప్పడం తేలిక. కడిగాక వెంటనే తుడిచి ఆరబెట్టండి, తుప్పు పడితే మర బిగుసుకుపోతుంది.

ప్రశ్న: చేపల డబ్బాకు ఈ ఓపెనర్ పట్టనే పట్టడం లేదు.
— విశాఖపట్నం పాఠకుడు

జవాబు: నలుచదరం డబ్బాల మూలల్లో చక్రం తిరగదండీ. వాటికి పైన రింగు ఉంటుంది, దాన్నే లాగాలి. లాగేటప్పుడు రెండో చెయ్యి మూత దారిలో పెట్టొద్దు, ఆ మూత అంచు చాలా పదును. ఒత్తిడితో నింపిన స్ప్రే డబ్బాల మీద ఏ ఓపెనర్‌నూ ప్రయోగించవద్దు.

ప్రశ్న: రసగుల్లాల డబ్బా ఒకటి పైకి ఉబ్బింది. నొక్కితే లోపలికి వెళ్లి మళ్లీ లేస్తోంది. గడువు ఇంకా ఉంది. తెరిచి వాసన చూసి వాడుకోవచ్చా?
— అనంతపురం పాఠకురాలు

జవాబు: తెరవొద్దు. గడువు ఉన్నా సరే. లోపల సూక్ష్మజీవులు పెరిగి వాయువు పుట్టడం వల్ల కూడా డబ్బా ఉబ్బుతుంది. వాటిలో బోటులిజం తెచ్చే క్రిమి ఉంటే దాని విషానికి రంగూ రుచీ వాసనా ఏమీ ఉండకపోవచ్చు. రుచి చూసి తేల్చుకునే విషయం కాదిది. చక్రం పెట్టగానే చిమ్మితే మీ ముఖం మీదే పడుతుంది. అంచు మడత మీద లోతుగా సొట్టపడినవీ, కారుతున్నవీ కూడా ఇదే లెక్క.

డబ్బాను రెండు ప్లాస్టిక్ కవర్లలో గట్టిగా కట్టి, పిల్లలకూ వీధికుక్కలకూ అందకుండా చెత్తలో వేయండి. అది పెట్టిన అరను సబ్బునీళ్లతో తుడిచి, చేతులు కడుక్కోండి. కొని ఎన్నాళ్లో కాకపోతే బిల్లూ డబ్బా ఫోటో చూపించి కొట్టువాళ్లకు చెప్పండి. అదే సరుకు వాళ్ల అరల్లో ఇంకా ఉండవచ్చు.