తూము దగ్గర మనస్సాక్షి



దేవుడు నరుని ముందు నిప్పును, నీటిని రెంటినీ ఉంచాడనీ, దేనివైపు చేయి చాపుతాడో అతని ఇష్టానికే విడిచాడనీ సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథము చెబుతున్నది (15:16). నా పాపానికి దేవుడే కారణమని అనవద్దని దానికి కాస్త ముందే హెచ్చరిస్తున్నది (15:11). నిప్పు సంగతి అలా ఉంచండి. నిజాంసాగర్ కాలువ కింద సేద్యము చేసుకునే మన కుటుంబాలకు నీటి సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు.

మంజీరపై ఈ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో ముగిసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ఇంజనీరు. మొదట దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 17.8 టి.ఎం.సి.లకు తగ్గింది. ఎగువన సింగూరు నుండి నీళ్లు వదిలితే తప్ప యాసంగి గట్టెక్కని సంవత్సరాలూ ఉన్నాయి. నీరు తగ్గినా కాలువ పొడవు తగ్గలేదు గదా! బాన్సువాడ వైపు మడులకు ముందు తడి అందుతుంది. వర్ని, బోధన్ దాటి చివరి ఆయకట్టుకు చేరేసరికి కాలువలో పారేది ఎంత?

వరి పొట్టకు వచ్చిన వేళ, మన వంతు కాని రాత్రి, తూము తలుపు కొంచెము ఎత్తితే చాలు, మన మడి నిండుతుంది. ఎత్తినవాడు ఎవరినీ కొట్టలేదు, ఎవరి ఇంట్లోనూ దూరలేదు. ఎండిన మడి ఎక్కడో ముప్పై మైళ్ల అవతల ఉన్నది. ఆ రైతు ముఖము మనము ఎన్నడూ చూడలేదు. అందుకే ఈ పాపము పాపసంకీర్తనములో అంత తేలికగా నోటికి రాదు. "అందరూ చేస్తున్నదే గదా" అనే మాట మాత్రము వెంటనే వస్తుంది. ఏదెను తోటలో ఆదాము కూడ స్త్రీని చూపించాడు, స్త్రీ సర్పమును చూపించింది (ఆదికాండము 3:12-13). ఇద్దరూ చెప్పినది నిజమే. అయినా ఆ నిజము వారి బాధ్యతను తీసివేయలేదు.

ఆదికాండము 13వ అధ్యాయము మన ప్రాంతము వారు తరచుగా చదవదగినది. మేత చాలక కాపరులు తగవుపడినప్పుడు పెద్దవాడైన అబ్రాముకు ముందుగా కోరుకునే హక్కు ఉన్నది. ఆయన దానిని లోతుకు ఇచ్చాడు. లోతు కన్నులెత్తి నీరు పారే యోర్దాను మైదానమును చూచి దానినే ఎన్నుకొన్నాడు. నీరున్న నేలను కోరడము తప్పు కాదు. కోస్తా జిల్లాల నుండి వచ్చి ఇక్కడ క్యాంపులు వేసుకున్నవారూ కాలువను చూసే వచ్చారు. అయితే కోరుకునేటప్పుడు లోతు పెదతండ్రికి ఏమి మిగులుతుందని అడిగినట్లు ఆ గ్రంథములో లేదు.

అందరి బాధ్యత ఒకే కొలతలో ఉండదని కూడ శ్రీసభ బోధిస్తున్నది. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశము ప్రకారము భయము, బలవంతము, అజ్ఞానము, అలవాటు వంటివి దోషభారమును తగ్గించవచ్చు (1735). యజమాని పొమ్మంటే పోయి తలుపు ఎత్తిన జీతగాని దోషము, ఇంట్లో పడుకొని పంపినవాని దోషము సమానము కావు. పురమాయించినవారు, సలహా ఇచ్చినవారు, మెచ్చుకున్నవారు, ఆపగలిగి ఆపనివారు కూడ ఆ పాపములో పాలుపంచుకుంటారని అదే గ్రంథము చెబుతున్నది (1868). కాబట్టి లష్కరు చేతిలో నోటు పెట్టినవాడు, తీసుకున్నది లష్కరు గదా అని తప్పించుకోలేడు. అన్నము తింటూ ఆ సంగతిని గొప్పగా చెప్పుకునే తండ్రి పిల్లలకు ఏ సత్యోపదేశము నేర్పుతున్నాడో నేను వేరుగా వ్రాయనక్కరలేదు.

మానవుని అంతరాత్మ అతడు దేవునితో ఒంటరిగా ఉండే పవిత్ర స్థలమని రెండవ వాటికన్ మహాసభ 1965లో బోధించింది. రాత్రి కాలువ గట్టుపై మనిషి ఎవరూ లేనప్పుడు కూడ ఆ స్థలము మనతోనే ఉంటుంది.

జరిగినదానికి ఏమి చేయాలి అని అడగవచ్చు. దొంగిలించినది తిరిగి ఇవ్వవలెనని శ్రీసభ నియమము. జక్కయ నాలుగంతలు ఇచ్చాడు (లూకా 19:8). పారిన నీటిని తిరిగి కాలువలో పోయలేము, నిజమే. కాని వచ్చే వంతులో ఒక రాత్రి మన తూము మూసి ఉంచి, నీటిని కిందికి వదలవచ్చు. దిగువ ఊరి రైతులకు ముందుగా కబురు చేస్తే, వారు ఆ రాత్రి మేలుకొని తమ పిల్లకాలువలు సరిచేసుకుంటారు.