మోటారు మాట – గొట్టం బాట

చల్లపల్లిలో నక్షత్రాలు తేటగా కనిపించే రాత్రులు తక్కువ. వానాకాలమంతా మబ్బు, చలికాలం తెల్లవారుజామున పొలాల మీంచి మంచు. మధ్య దొరికే ఆ నాలుగు రాత్రులూ ఫోకసు కుదరక పోతే ఎంత నష్టం! అందుకే ఈ పాఠం.

మా మేడ మీది టెలిస్కోపు కటకం వ్యాసం 80 మిల్లీమీటర్లు, నాభ్యంతరం 400. ఆకుపచ్చ వెలుగుకి లెక్కవేస్తే, కెమెరా అటూ ఇటూ కలిపి సుమారు 67 మైక్రాన్ల లోపల ఉండాలి. అంటే తలవెంట్రుక మందం! అల్యూమినియం డిగ్రీకి, మీటరుకి 23 మైక్రాన్లు కుంచించుకుంటుంది. రాత్రి ఎనిమిది డిగ్రీలు చల్లబడితే 400 మిల్లీమీటర్ల గొట్టం సుమారు 74 మైక్రాన్లు తగ్గుతుంది. కాబట్టి సాయంత్రం పెట్టిన ఫోకసు తెల్లారేదాకా నిలవదు. కంప్యూటరు మధ్యమధ్య మోటారు తిప్పి సరిచేయాల్సిందే.

అది చేసే పని తేలికే. వరుసగా కొన్నిచోట్ల ఆగి ఫోటో తీసి, నక్షత్రం వెడల్పు కొలిచి గీత గీస్తుంది. గీత ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా వస్తుంది. అట్టడుగే ఫోకసు. చిక్కంతా అక్కడికి తిరిగి వెళ్ళడంలో ఉంది. పళ్ళచక్రాల మధ్య సందుంటుంది కదా, దిశ మారగానే మోటారు ముందు ఆ సందులో తిరుగుతుంది. అంకె మారుతుంది, గొట్టం కదలదు. మోటారు “వచ్చేశా” అంటుంది, కెమెరా ఇంకా దారిలోనే ఉంటుంది! దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. గీతలో మొదటి రెండు మూడు చుక్కలు ఒకే ఎత్తున ఉంటే అనుమానించండి.

విజయవాడ ఆటోనగర్‌లో లేతు పనివాళ్ళను చూడండి. కొలత దాటితే కాస్త వెనక్కి తిప్పి ఊరుకోరు. బాగా వెనక్కి తీసి, మళ్ళీ ముందుకే తిప్పుతూ గీతకు చేరుస్తారు. మనకూ అదే మందు: ఎప్పుడూ ఒక్క వైపునుంచే చేరాలి. ఆ వైపు కెమెరా బరువును పైకెత్తేదైతే మేలు, పళ్ళు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి.

సందు కొలవాలంటే ఫోకసు తప్పించిన ఒక ప్రకాశమైన నక్షత్రం చాలు. ఒకే వైపు కొంతదూరం నడిపి, దిశ మార్చి ఇరవయ్యేసి స్టెప్పులు వెయ్యండి. చుక్క సైజు మారడం మొదలయ్యేదాకా లెక్కపెట్టండి. 120 వచ్చిందనుకోండి, దాటించి వెనక్కి తెచ్చే పద్ధతిలో 200 పెట్టినా నష్టం లేదు. అంకెను నేరుగా కలిపే పద్ధతి నాకు నచ్చదు. అందులో లెక్క ఖచ్చితంగా ఉండాలి.

కొలిచిన ప్రతిసారీ వేరే అంకె వస్తుంటే మాత్రం అది పళ్ళ సందు కాకపోవచ్చు. మోటారు ఇరుసును పట్టుకునే చిన్న స్క్రూ జారుతుందేమో ముందు చూసి బిగించండి.