మేఘమునకు బాడుగ
తక్కువ విద్యుత్తుతో ఎక్కువ పనిచేయు ప్రాసెసర్లను గూర్చి

ప్రతి సంవత్సరము ఈ సంచికయందు తలిదండ్రులకొఱకు ఒక శాస్త్రవిషయమును సులభమైన రీతిని వివరించుట మా ఉపాధ్యాయులకు వాడుక. ఈసారి విషయమును మేము వెదకలేదు. అదియే మమ్ము వెదకికొని వచ్చినది. గడచిన సంవత్సరము సమావేశమున లెక్కలు చదువుచుండగా “క్లౌడు అద్దె” అను పద్దు వచ్చినది. అప్పుడు ఒక విద్యార్థి అవ్వగారు లేచి, “అయ్యవారూ, ఆకాశంలో ఉండే మోడానికి గూడ బాడుగ కట్టాలనా?” అని యడిగిరి. సభలో నవ్వులు వినవచ్చినవి. కాని నవ్వి ఊరకుండదగిన విషయము కాదది. ఆ పద్దు మూడేండ్లుగా పెరుగుచునే యున్నది. కార్యవర్గమువారియెదుట రెండు మార్గములే యుండెను: పిల్లల రుసుమును పెంచుట, లేదా మన పెద్దలచేత చెప్పించి భద్రపఱచిన తెలుగు కథలను, పాటలను, పద్యపఠనములను తొలగించుట. ఇంట తెలుగును, వీధిలో కన్నడమును, పుస్తకమున ఇంగ్లీషును ఎదుర్కొను మన బెంగుళూరు పిల్లలకు ఆ కంఠస్వరములే ఉచ్చారణ పాఠములు. అట్లు చెప్పినవారిలో కొందఱు నేడు లేరు.

మొదట ఆ యవ్వగారి ప్రశ్నకు సమాధానము చెప్పుదుము. క్లౌడనగా మేఘమే కాని అది ఆకాశమున లేదు. నవీముంబయి, చెన్నై, హైదరాబాదువంటి చోట్ల గోదాములను బోలిన పెద్ద కట్టడములు గలవు. వీనిని డేటా సెంటర్లందురు. వానిలో ఇనుప బీరువాలయందు అరలు అరలుగా అమర్చిన సర్వర్లు రాత్రింబవళ్లు పనిచేయుచుండును. అమెజాన్ సంస్థవారు ముంబయిలో 2016లోను, హైదరాబాదులో 2022లోను ఇట్టి కేంద్రసముదాయములను తెఱచిరి. అక్కడి యంత్రములో ఒక భాగమును మనవంటివారు గంటల లెక్కన బాడుగకు తీసికొందురు. ఆ బాడుగలో యంత్రపు వెల యున్నది, మనుష్యుల జీతములున్నవి, వీనితోపాటు కరెంటు బిల్లును ఉన్నది.

ఆ కరెంటు ఎంత? ఒక సర్వరు ఎడతెగక 400 వాట్లు తీసికొనుచున్నదనుకొందము. దినమునకు 9.6 యూనిట్లు, సంవత్సరమునకు సుమారు 3,500 యూనిట్లు. అది పుట్టించు వేడిని చల్లార్చుటకును, ఇతర ఏర్పాట్లకును ప్రతి యూనిటుపై మఱియొక అర యూనిటు పడునని వేసికొన్నచో 5,250 అగును. మన దేశపు విద్యుత్తులో అధికభాగము బొగ్గునుండి వచ్చుచున్నది గనుక, యూనిటునకు సుమారు 0.7 కిలోల చొప్పున బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. అనగా ఒక్క సర్వరు పేర ఏడాదికి 3,600 కిలోలకు పైమాటే. ప్రపంచపు లెక్క చూచిన, అంతర్జాతీయ శక్తి సంస్థవారి అంచనాప్రకారము 2024లో డేటా సెంటర్లన్నియు కలసి సుమారు 41,500 కోట్ల యూనిట్లు వాడినవి. ఇది ప్రపంచ వినియోగమున నూటికి ఒకటిన్నర వంతు. 2030 నాటికి ఇది రెట్టింపునకు మించునని వారి యంచనా.

సర్వరులో విద్యుత్తును ఎక్కువగా త్రాగునది ప్రాసెసరు. లెక్కలన్నియు చేయునది అదియే. దానిలో ట్రాన్సిస్టర్లను అతిసూక్ష్మమైన స్విచ్చులు కోట్లకొలది యుండును. ఒక్కొక్క స్విచ్చు తెఱచుకొని మూసికొనునపుడెల్ల కొంచెము విద్యుత్తు ఖర్చగును. ఈ ఖర్చునకు ఒక నియమము గలదు. క్షణమునకు ఎన్నిమాఱులు స్విచ్చు మాఱునో దానినిబట్టియు, వోల్టేజి వర్గమునుబట్టియు అది పెరుగును. తలిదండ్రులు పిల్లలతో కూర్చుండి చేయదగిన లెక్క ఇది. వేగమును అయిదింట ఒకవంతు తగ్గింతము. వేగము తగ్గినపుడు తక్కువ వోల్టేజి చాలును గనుక దానినిగూడ అంతే తగ్గింతము. 0.8ని మూడుమాఱులు హెచ్చవేసిన 0.512 వచ్చును. పని అయిదింట ఒకవంతు మాత్రమే తగ్గినది, కాని కరెంటు ఖర్చు సగమైనది! అట్టి నెమ్మది ప్రాసెసర్లు రెంటిని ప్రక్కప్రక్కన పెట్టిన, పూర్వపు కరెంటుతోనే ఒకటికి బదులు 1.6 వంతుల పని జరుగును. ఒక ఎద్దును కొరడాతో దౌడు తీయించుటకంటె రెండెద్దులను నింపాదిగా నడిపించుట మేలని మన రైతులకు ఈ గణితము లేకయే తెలియును.

చాలకాలము ఈ విషయము ఎవరికిని పట్టలేదు. ట్రాన్సిస్టరు చిన్నదగుకొలది దాని వోల్టేజియు తగ్గించవచ్చునని 1974లో రాబర్ట్ డెన్నార్డ్ అను నతడు తన సహచరులతో కలసి చూపెను. అందువలన ప్రతి తరము ప్రాసెసరును వేగమును పెంచుకొనుచు పోయినను వేడి అదుపులోనే యుండెను. సుమారు 2005 నాటికి ఆ సదుపాయము ముగిసినది. వోల్టేజి మఱింత తగ్గించిన, మూసియున్న స్విచ్చులనుండియు విద్యుత్తు కారిపోసాగెను. అప్పటినుండి వేగమునకు కాక, వాట్టునకు ఎంత పని అను ప్రశ్నకు విలువ వచ్చినది.

ఆ ప్రశ్నకు సమాధానము అంతకు ఇరువది యేండ్లముందే ఇంగ్లండు దేశమున, కేంబ్రిడ్జిలో పుట్టియుండుట విశేషము. ఏకార్న్ అను చిన్న సంస్థలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు ఒక ప్రాసెసరును రూపొందించిరి. చవుకైన ప్లాస్టిక్ తొడుగులో దానిని పెట్టవలెననియే వారి పట్టుదల. వేడి హెచ్చిన ప్లాస్టిక్ తాళదు గనుక తక్కువ కరెంటుతో పనిచేయునట్లు చేసిరి. 1985 ఏప్రిలులో మొదటి చిప్పు వచ్చినది. దానిని పరీక్షించుచు ఫర్బరుగారు కరెంటును కొలువగా మీటరు సున్న చూపినది! తీఱ చూడగా, చిప్పునకు విద్యుత్తునందించు తీగెయే కలుపబడలేదట. ఇతర తీగెలగుండ వచ్చు కొద్దిపాటి విద్యుత్తుతోనే అది పనిచేయుచుండెను. బీదతనమువలన కలిగిన పొదుపు ఎంతదూరము వచ్చినదో చూడుడు. ఆర్మ్ అను ఆ వంశపు ప్రాసెసరే నేడు మన చేతనున్న ఫోనులో నున్నది. ఆ సంస్థవారి రూపకల్పన కేంద్రమొకటి ఈ బెంగుళూరుననే యున్నది.

ఫోనులోని పొదుపు పెద్ద సర్వరులకు తగదని నిపుణులు చాలకాలము తలంచిరి. 2018లో అమెజాన్ సంస్థవారు గ్రావిటాన్ అను పేర ఆర్మ్ వంశపు ప్రాసెసరును తమ క్లౌడులో ప్రవేశపెట్టిరి. మైక్రోసాఫ్ట్ వారు 2023లో కోబాల్ట్‌ను, గూగుల్ వారు 2024లో ఆక్సియాన్‌ను ప్రకటించిరి. అంతే పనికి నూటికి 60 వంతుల వరకు విద్యుత్తు తగ్గునని గ్రావిటాన్‌ను గూర్చి అమెజాన్ వారి మాట. అది అమ్మువారి మాట. “వరకు” అను చిన్నపదము అందెంత పనిచేయుచున్నదో సంతలో బేరమాడిన ప్రతి తల్లికిని తెలియును. ఇంటెల్, ఏఎండీ సంస్థలవారు చేయు పాతవంశపు ప్రాసెసర్లును ఈ పోటీవలన చాల పొదుపరులైనవి. కావున వంశమునుబట్టికాక, మన పనిని రెంటిమీదను నడిపించి చూచుకొనుటయే న్యాయము.

మేమును అట్లే చేసితిమి. ఈ వృత్తిలోనే యున్న ఒక విద్యార్థి తండ్రిగారు ఆదివారములు మాకు తోడ్పడిరి. మొదట తెలిసినది ప్రాసెసరును గూర్చి కాదు, మా అజాగ్రత్తను గూర్చి. మేము తీసికొన్న యంత్రము అవసరమునకు రెట్టింపు పెద్దది. రాత్రులయందును, వేసవిసెలవులలోను అది ఊరక తిరుగుచునే యుండెను. పనిలేని సర్వరుకూడ నిండుపనిలోని ఖర్చులో సుమారు సగము తినునని బరోసో, హోల్జిల్ అను గూగుల్ ఇంజనీర్లు 2007లో వ్రాసిరి. తరువాతి యంత్రములు మెఱుగైనను, పని లేకున్న ఖర్చుండదని భ్రమపడరాదు. అంతేకాదు, పిల్లవాడు ఫోనులో కథను వినగోరినపుడెల్ల ఆ ధ్వనిని ఫోనునకు తగిన రూపమునకు మరల మరల మార్చుచుంటిమి. ఆకలియైనపుడెల్ల గుప్పెడు పిండి రుబ్బినట్లు! ఒక్కమాఱు మార్చి నిలువచేసితిమి. ఆ నిలువకు బాడుగ స్వల్పము. రాత్రి యంత్రమును ఆపివేసినను పిల్లలు కథలు వినవచ్చును.

ఆపిమ్మట, మిగిలిన పనిని చిన్న ఆర్మ్ యంత్రమునకు మార్చితిమి. ఒక వంశపు ప్రాసెసరు భాష మఱియొకదానికి తెలియదు. పైథాన్ వంటి భాషలలో వ్రాసిన హాజరుపట్టీ, మార్కుల పట్టీ కార్యక్రమములు మార్పులేకయే నడచినవి. చిక్కు వచ్చినది మన తెలుగుతోనే. పాత అక్షరరూపములలో అచ్చుకూర్చిన వెనుకటి సంచికలను నేటి యూనికోడు తెలుగులోనికి మార్చు కార్యక్రమమొకటి గలదు. అది పాతవంశపు యంత్రములకు మాత్రమే తయారైనది. మూలప్రతి ఎవరియొద్దను లేదు. క్రొత్త యంత్రము దానిని తాకనైన తాకలేదు. ఒక నెల అందుకై చిక్కుపడి, తుదకు పాఠశాలలోని పాత కంప్యూటరుమీదనే సంచికలన్నిటిని మార్చివేసి, ఆ కార్యక్రమమునకు సెలవిచ్చితిమి.

నేడు మా బాడుగ పూర్వమునకు సగముకంటె తక్కువ. నిజము దాచక చెప్పవలసిన, ఆ తగ్గుదలలో పెద్దపాలు రాత్రివేళ ఆపుటవలనను, యంత్రమును చిన్నది చేయుటవలనను కలిగినది. క్రొత్త ప్రాసెసరువలన కలిగినది దానితరువాతి పాలు. రుసుము పెంచలేదు. ఒక్క కంఠమునుగూడ తీసివేయలేదు.

ఇక ఒక శంక. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అను ఆంగ్ల అర్థశాస్త్రజ్ఞుడు బొగ్గును గూర్చి వ్రాయుచు, యంత్రములు పొదుపుగా పనిచేయుకొలది దేశమున బొగ్గు వాడకము తగ్గకపోగా పెరుగునని హెచ్చరించెను. పని చవుకయైన కొలది కోరికలు పెరుగుటయే కారణము. డేటా సెంటర్ల లెక్కయు అట్లే యున్నది. మా కార్యవర్గమునందును ఈ శంక నిజమైనది. బాడుగ తగ్గెనని తెలిసిన వారమునందే, మిగిలిన సొమ్ముతో ప్రతి తరగతిగది దృశ్యములను దినమంతయు చిత్రించి నిలువచేయుదమని ఒక ప్రతిపాదన వచ్చినది. దానిని అంగీకరింపలేదు. ఆ సొమ్ముతో ఇంకను మిగిలియున్న పెద్దల కథలను సేకరింప నిశ్చయమైనది. మీ యిండ్లలో పాటలు, కథలు తెలిసిన అవ్వలు, తాతలు ఉన్నచో తెలుగు ఉపాధ్యాయులకు కబురు చేయగోరుచున్నాము. వారు రాలేకున్న మేమే వచ్చెదము. ఈ సంవత్సరపు క్లౌడు బిల్లులు, నెలవారీ లెక్కలు కార్యాలయమున నుంచబడినవి. శనివారము మధ్యాహ్నము వచ్చినవారికి చూపి వివరింపగలము. ప్రశ్న వేసిన అవ్వగారు మొదటి శనివారమే వచ్చి, బిల్లును మనుమనిచేత చదివించుకొని వెళ్లిరి.