పట్టు ఏ పొద్దున ఎక్కువ?

యాదగిరిగుట్టకు పోయే దారిలో భువనగిరి కోట చూసే ఉంటారు. 2014 మే 25న, పదమూడేళ్ళకే ఎవరెస్టెక్కిన మాలావత్ పూర్ణ తొలుత శిక్షణ పొందింది ఆ ఏకశిల మీదే.

శిల ఎక్కేవారికి వేళ్ళ పట్టే ప్రాణం. అది రోజంతా ఒక్కతీరుగా ఉండదు. మన ఒంటివేడి తెల్లవారుజామున తక్కువ, సాయంత్రం ఎక్కువ. తేడా సుమారు ఒక డిగ్రీ సెల్సియస్ లోపే. అయినా వేడెక్కిన కండరం చురుగ్గా ముడుచుకుంటుంది. అందుకే పిడికిలి బలమూ సాయంత్రమే ఎక్కువ.

అయితే సాయంత్రమే ఎక్కాలా? మన ఎండాకాలంలో కుదరదు. పగలంతా కాగిన రాయి పొద్దుగూకినా చల్లారదు, చెమటకు వేళ్ళు జారతాయి. మా రైతులు పొద్దుగాలే నాగలి కట్టేదీ ఎండకు జడిసే గాని, అప్పుడు బలమెక్కువని కాదు! కనుక పొద్దున ఎక్కేవారు ముందు కాసేపు ఒళ్ళు వేడెక్కించుకోవాలి. రోజూ అదే వేళకు సాధన చేస్తే పొద్దుటి లోటు చాలావరకు తీరుతుంది.