గ్యాస్ స్టవ్, కరెంటు ఓవెన్: ఏ ప్లగ్గు, ఏ జెట్టు?

ప్రశ్న: కొండాపూర్‌లో కొత్త ఫ్లాట్. భాగ్యనగర్ గ్యాస్ పైపు కనెక్షన్ ఉంది. పాత ఇంట్లో సిలిండర్‌తో వాడిన, కింద కరెంటు ఓవెన్ ఉన్న స్టవ్‌ను ఇక్కడ పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోవచ్చండీ, కానీ అలాగే బిగించేయొద్దు. సిలిండర్ స్టవ్ జెట్ల రంధ్రాలు సన్నం. పైపు గ్యాస్‌కు పెద్దవి కావాలి. డ్రిల్లుతో రంధ్రం పెద్దది చేస్తాననే వాళ్లను దయచేసి నమ్మకండి. స్టవ్ కంపెనీ మెకానిక్‌తో జెట్లే మార్పించండి. మంట నీలంగా, నిలకడగా రావాలి. గిన్నె అడుగు మసిబారిందంటే సర్దుబాటు కుదరలేదన్నమాట.

ఇక ఓవెన్. 3 కిలోవాట్లదైతే 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది. మిక్సీ పెట్టే 6 ఆంపియర్ల ప్లగ్గు పనికిరాదు. ఎర్తింగుతో 16 ఆంపియర్ల సాకెట్, విడిగా ఎంసీబీ వేయించండి.

గ్యాస్ వాసన వస్తే ఓవెన్ స్విచ్ ఆపడానికి కూడా ముట్టుకోవద్దు. వాల్వు కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికి వెళ్లాకే ఫోన్ చేయండి.