కోడీకల కిరీటం, పాలపిట్ట వేషం

పోయినేడాది యాన్యువల్ డేకి మన క్లబ్ వేసిన ‘చెంచులక్ష్మి’ స్కిట్ ఎవరికైనా గుర్తుందా? గుర్తు లేకపోతే మంచిదే. దానికి మేకప్ చేసింది నేనే. హీరోయిన్ మొహానికీ చేతులకీ తన రంగు కంటే రెండు షేడ్లు ముదురు ఫౌండేషన్ పూశాను. చెంపల మీద తెల్ల గీతలు, నుదుటి మీద చుక్కలు, తల మీద ఆన్‌లైన్‌లో కొన్న రంగురంగుల ఈకల బ్యాండు. ఫోన్‌లో ‘ట్రైబల్ లుక్’ అని కొడితే ఏ బొమ్మలొచ్చాయో వాటినే దించేశాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

వారం తర్వాత మెస్‌లో ఒక జూనియర్ వచ్చి నా పక్కన కూర్చుంది. నల్లమల అంచున ఒక చెంచుగూడెం వాళ్ళది. అప్పటిదాకా నాకా సంగతి తెలీదు. సాంబారు కలుపుకుంటూ మామూలుగానే అడిగింది.

“అక్కా, మొన్న ఆ వేషం ఎవరిది?”

“చెంచులక్ష్మిది కదా.”

“మా అమ్మమ్మ నెత్తిన ఎప్పుడూ ఈక చూళ్ళేదక్కా. మా తాత తేనెకి పోతే తలకి గుడ్డ చుట్టుకునేవాడు, అంతే.” కాసేపాగి ఇంకో మాట అంది. “ఆ నలుపు పూశారే, అప్పుడు మా బెంచీలో వాళ్ళు నా వైపు చూసి నవ్వారు.”

నాకు ముద్ద దిగలేదు. సారీ చెప్పాను. “సారీ ఎందుకులేక్కా, మళ్ళీ వేస్తే అడుగు” అంది.

ఈ ఏడాది మళ్ళీ వేశాం, అడిగే వేశాం. ఆ వేషాలు ఎలా కట్టామో, ముఖ్యంగా ఈకల కిరీటం చేతితో ఎలా చేశామో రాయమని ఎడిటర్ అడిగితే రాస్తున్నా. మధ్యలో కొంచెం చరిత్ర, కొంచెం కెమిస్ట్రీ తగుల్తాయి, ఓర్చుకోండి.

ముందు ఈకల సంగతి. ‘గిరిజన వేషం’ అని ఒకటి లేదు. గోండుల వేషం ఉంది, కోయల వేషం ఉంది, లంబాడీల అద్దాల రవికలున్నాయి. మన మిర్చి కోతలకి వచ్చే లంబాడీ అమ్మల్ని చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. చెంచులక్ష్మి కథ అహోబిలం నరసింహస్వామిది. యక్షగానాల్లో ఆడారు, 1943లో సినిమా తీశారు, 1958లో అక్కినేని, అంజలీదేవితో మళ్ళీ తీశారు. మన కళ్ళకి అలవాటైన చెంచిత స్టేజీ మీద, తెర మీద తయారైన మనిషి. చెంచుల మధ్య ఉండి వాళ్ళ గురించి హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1943లోనే ఒక పెద్ద పుస్తకం అచ్చేశాడు. అందులో కనిపించేది విల్లంబులు పట్టుకుని అడవిలో దుంపలూ తేనే వెతుక్కునే మనుషులు. అంటే అదే సంవత్సరం తెర మీద ఒక చెంచిత, పుస్తకంలో వేరే చెంచులు! మనం పట్టుకుంది మొదటిదాన్ని.

మరి ఈకల కిరీటం ఎక్కడా లేదా అంటే, ఉంది. ఆదిలాబాద్ వైపు రాజ్‌గోండులది. దీపావళి రోజుల్లో జరిగే దండారిలో గుస్సాడీలు పెట్టుకుంటారు. వందల నెమలి పింఛాలతో కట్టిన పెద్ద గుండ్రటి కిరీటం, దానికి కొమ్ములు, ఒంటి నిండా బూడిద, భుజాన చర్మం, చేతిలో కర్ర. ఆ కిరీటం పెట్టుకున్న మనిషిలో దేవుడు ఉన్నాడని వాళ్ళ నమ్మకం. ఆ నాట్యాన్ని బయటి ప్రపంచానికి చూపించిన మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో పోయారు. భద్రాచలం వైపు కోయల కొమ్ము నృత్యంలో అడవిదున్న కొమ్ముల తలపాగా ఉంటుంది. ఇవి రెండూ చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ ఇంకొకళ్ళ దేవుడి కిరీటాన్ని మన స్కిట్ కోసం గ్లూ గన్‌తో అంటించడం నాకు మనసొప్పలేదు. మీకు ఒప్పుతుందేమో నాకు తెలీదు.

మరి స్టేజీ మీద మెరుపు ఎక్కడినుంచి రావాలి? స్క్రిప్టు చర్చలో ఈ ప్రశ్న దగ్గర మేం రెండు సాయంత్రాలు ఇరుక్కుపోయాం. దారి చూపించింది మళ్ళీ మా జూనియరే. “ఈకలు పక్షికి పెట్టండక్కా, మనిషికెందుకు?”

అలా సూత్రధారి పాత్ర పాలపిట్ట అయింది. పత్తి చేల పక్కన కరెంటు తీగ మీద మీరు చూసే ఉంటారు. కూర్చున్నప్పుడు ఏదో గోధుమరంగు పిట్టలా ఉంటుంది. ఎగిరిందంటే రెక్కల్లో నీలం ఒక్కసారి విచ్చుకుంటుంది. మేకప్‌కీ కిరీటానికీ మేం పట్టుకున్న ఆలోచన ఇదే: ఎదురుగా చూస్తే గోధుమ, తిరిగితే నీలం.

చెంచిత వేషం అరగంటలో అయిపోయింది. ముదురాకుపచ్చ నూలు చీర మోకాళ్ళ కిందికి బిగించి కట్టాం. రెండు వరసల పూసలు, చేతిలో విల్లు. మొహానికి ఆ అమ్మాయి సొంత రంగే. కాటుక తప్ప వేరే గీత లేదు.

కిరీటానికి మాత్రం మూడు వారాలు పట్టింది. నెమలినీ పాలపిట్టనీ పట్టడం, చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అందుకని అడవి పక్షుల ఈకల జోలికి పోలేదు. మనకి కోళ్ళున్నాయి కదా. కోడిపందెంతో యుద్ధమే మొదలైందని చెప్పుకునే పలనాడు పక్కనే ఉన్నాం! గోధుమరంగు ఈకలు నాటుకోళ్ళు కోసే కొట్టులో, తెల్లవి గుడ్ల కోళ్ళ ఫారంలో అడిగి తెచ్చుకున్నాం. బ్రాయిలర్ ఈక మెత్తగా వాలిపోతుంది, వద్దు. రెక్క ఈకలు గట్టివి, మెడ ఈకలు మెరుస్తాయి. రెండూ కావాలి. జబ్బు చేసి చచ్చిన కోడి ఈక మాత్రం ముట్టుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఏమైందో అందరం చూశాం. ఏరేటప్పుడు మాస్కు, గ్లవ్స్ వేసుకోండి.

తెచ్చిన ఈకల్ని గోరువెచ్చటి నీళ్ళలో షాంపూ వేసి రెండుసార్లు కడగాలి. పిండకూడదు. మొదలు నుంచి చివరి వైపు వేళ్ళతో సవరదీస్తూ నీళ్ళు దింపి, నీడలో పేపరు మీద ఆరబెట్టాలి. తడి ఈక చూసి భయపడకండి, తడిసిన కోడిపిల్లలా దిక్కుమాలినట్టుంటుంది. ఆరాక హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెడితే మళ్ళీ విచ్చుకుంటుంది.

నీలం రంగెక్కించడం దగ్గర బోల్తా పడ్డాం. మొదట బట్టలకి వేసే నూలు రంగు కొనుక్కొచ్చాం. గంటసేపు ముంచితే, కడగ్గానే మొత్తం పోయింది. అప్పుడు వెలిగింది: పత్తి సెల్యులోజ్, ఈక కెరటిన్ అనే ప్రొటీను. పత్తి పండే ఊళ్ళో పుట్టి పత్తి రంగు ఈకకి పట్టదని తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. పట్టుకీ ఉన్నికీ వేసే యాసిడ్ రంగు కావాలి. అది కొని, వేడినీళ్ళలో కలిపి, లీటరుకి రెండు చెంచాల వెనిగర్ పోసి, ముందే సబ్బునీళ్ళలో నానిన ఈకల్ని అందులో అరగంట ఉంచాం. నీళ్ళు పొగలు కక్కాలి గానీ మరగకూడదు. మరిగితే ఈక వంకర పోతుంది. ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడొద్దు.

ఇక కట్టడం. మొదటి కిరీటం 45 సెంటీమీటర్ల ఎత్తు పెట్టాం, బైండింగ్ వైరు చట్రం మీద. అద్దంలో మహారాణిలా ఉంది. రిహార్సల్‌లో పాలపిట్ట ఒక్క చుట్టు తిరిగిందో లేదో ముక్కు మీదకి వాలిపోయింది. మెకానికల్ వాళ్ళు పడీపడీ నవ్వారు. బరువు ఎంతన్నది కాదు, నుదుటికి ఎంత దూరంలో ఉందన్నది లెక్క అని ఫస్టియర్‌లోనే చెప్పారు కదా, మూమెంట్! రెండోదానికి ఎత్తు 28కి దించాం. బరువైన ఈకల్ని కింది వరసకి తెచ్చాం. వంటింటి కాటాలో తూస్తే 160 గ్రాములు.

పాత జీన్స్ నడుం పట్టీ కత్తిరించి తల చుట్టుకొలతకి నాలుగు వేళ్ళు తక్కువ ఉంచాం, ఆ ఖాళీలో వెడల్పు ఎలాస్టిక్ కుట్టాం. నుదురు వైపు లోపల పల్చటి స్పాంజి, లేదంటే చెమటకి జారుతుంది. ఈక మొదలు బోలుగా ఉంటుంది. చివర కొంచెం కత్తిరించి, చిటికెన వేలంత పొడవు సన్నటి వైరు అందులోకి దూర్చి, ఒక చుక్క జిగురు వేసి, పైన దారం బిగించి చుట్టాలి. ఈ ఒక్క పని ఓపిగ్గా చేస్తే ఈకని ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు. మధ్యలో పొడవైనది పెట్టి అటూ ఇటూ పొట్టివవుతూ పోవాలి. వెనక వరసలో పదకొండు నీలం, ముందు పదమూడు గోధుమ, వాటి మొదళ్ళు కనబడకుండా మెడ ఈకలు. వైర్లన్నిటినీ పట్టీకి సూదీ దారంతో కుట్టండి. గ్లూ గన్ మీద ఒక్కదాని మీదే ఆధారపడితే మార్చి నెల ఎండకి, స్టేజీ లైట్లకి జిగురు మెత్తబడి ఈకలు రాలతాయి. లోపలి వైపు వైరు కొసలు గుచ్చుకోకుండా ఒక ఫెల్ట్ గుడ్డ వేయాలి. వెనక రెండు రిబ్బన్లు జడలోకి అల్లేస్తే ఇక కదలదు.

మేకప్‌కి వస్తే, పాతకాలం నాటకాల్లో మొహానికి అర్దళం పూసేవాళ్ళు. అది ఆర్సెనిక్, గంధకం కలిసిన పసుపు ఖనిజం. ఆ తరం నటులు దాన్ని ఎలా భరించారో! మనం అంత దూరం పోం గానీ, పోస్టర్ కలర్, ఫాబ్రిక్ పెయింట్ పూసేవాళ్ళని ఫెస్టుల్లో ఇప్పటికీ చూస్తున్నా. అవి చర్మం కోసం చేసినవి కావు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి రంగు వస్తుంది, క్షారానికి పసుపు మారుతుంది కాబట్టి. హారతి పళ్ళెంలో బాగుంటుంది, చెంప మీద సున్నం మంట పుట్టిస్తుంది. నీళ్ళతో పోయే ఫేస్ పెయింట్ కొని, ముందురోజు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి చూడండి.

పాలపిట్ట మొహానికి మాయిశ్చరైజర్, చర్మం రంగుకి సరిపడే ఫౌండేషన్ పల్చగా, ఆపైన పౌడరు. రెప్పల మీద ముదురు నీలం, కనుబొమ్మల దాకా లేత నీలం, రెండూ కలిసే చోట గీత కనబడకుండా వేలితో అద్దాలి. కంటి చివర నుంచి కణత మీదుగా కిరీటం అంచుదాకా రెక్కలా ఒక పట్టీ లాగాం. మొహం ఎక్కడ ఆగిందో, ఈక ఎక్కడ మొదలైందో దూరం నుంచి తెలియకూడదు. గొంతు మీదా ఛాతీ పైభాగంలో లేత ఇటుక రంగు, దాని మీద తెల్లటి సన్నగీతలు, నిజం పిట్టకి ఉన్నట్టే. చెంపల మీద చుక్కలు పెట్టాలని చేయి లాగింది. ఎందుకు పెడుతున్నానని నన్ను నేనే అడిగితే జవాబు లేదు. పెట్టలేదు.

ఒక పొరపాటు కూడా ఒప్పుకోవాలి. షోకి ముందు ఆదివారం మా ఊరెళ్ళాను. కల్లంలో మిరపకాయలు, మాది తేజ రకం, అమ్మతో కూర్చుని తొడిమలు తీశాను. సోమవారం ట్రయల్ మేకప్‌లో పాలపిట్ట రెప్ప మీద వేలు పెట్టానో లేదో, పిల్ల కెవ్వుమంది. చేతులు నాలుగుసార్లు కడుక్కున్నా కదా అనుకున్నా. మిరప ఘాటు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులకి ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లోకి మాత్రం నూనె వద్దు. ట్యాపు కింద పావుగంట మంచినీళ్ళతో కడుగుతూనే ఉండాలి, మంట తగ్గకపోతే డాక్టరు దగ్గరికి. అదృష్టం, మాకు తగ్గింది. మన జిల్లాల్లో సీజన్లో మేకప్ చేసేవాళ్ళు బ్రష్ వాడండి, వేళ్ళు కాదు. ఆ సోమవారం నుంచి నీలాన్ని నేను బ్రష్‌తోనే అద్దాను.

లైట్లు కూడా ముందే చూసుకోవాలి. నీలం లైటు కింద ఇటుక రంగు నల్లబడింది, ఎర్ర లైటు కింద నీలం మాయమైంది. నటించనని చెప్పిన మా జూనియర్ లైట్ల దగ్గర కూర్చుంటానంది. పిట్ట ఎగిరే చోట తెల్ల లైటే పడాలని, పక్క నుంచి పడాలని కనిపెట్టింది తనే. షో రోజు పాలపిట్ట గిర్రున తిరిగినప్పుడు వెనక నీలం వెలిగింది. హాల్లో ఎవరో “పాలపిట్ట రోయ్!” అని అరిచారు. నేను కర్టెన్ పక్క నుంచి లైట్ల వైపు చూశాను. తను నవ్వుతోంది.

చెంచిత వేషం గురించి తర్వాత అడిగాను. “బాగుంది గానీ విల్లు పట్టుకోవడం రాలేదక్కా ఆ పిల్లకి” అంది. వచ్చే ఏడాది నేర్పించమంటే ఆలోచిస్తానంది.

మేకప్ తీయడానికి కొబ్బరినూనె, మెత్తటి నూలు గుడ్డ చాలు, తర్వాత మామూలు ఫేస్‌వాష్. కిరీటం ఇప్పుడు క్లబ్ బీరువా పైన అట్టపెట్టెలో ఉంది. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేశాం, ప్రతి వానాకాలం తర్వాత మార్చాలి. కావాల్సినవాళ్ళు అడిగి తీసుకోండి. మధ్యలో ఉన్న పొడుగు ఈక కొంచెం లూజుగా ఉంది, పట్టుకునేటప్పుడు పట్టీ దగ్గర పట్టుకోండి.